విశాల బయటికి ఎప్పుడొచ్చింది?

భావనారాయణ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. సామర్లకోటలో ఆయన దగ్గర సాహిత్యం చదువుకోవడానికి వచ్చే మా అందరికీ ఇది అలవాటే. కరుణరసం గురించి అడిగినందుకు నన్నొకసారి స్టేషన్‌కు పంపి, రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద ఎవరు మిగిలారో చూసి రమ్మన్నారు. నేను వేడివేడి పకోడీలు తిని వచ్చేశాను. అంచేత కరుణరసంతో నా పరిచయం ఇప్పటికీ అంతంతమాత్రమే.

ఆ ఎండాకాలం హైమవతి ఒక ప్రశ్న అడిగింది. ఆమె పక్క ఊళ్లో ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతుంది. మా అందరిలోకీ బాగా చదువుకున్న మనిషి, ఏ విషయమూ తేల్చుకోకుండా వదిలిపెట్టదు. గురువుగారు చదవమని ఇచ్చిన ఒక నవలను ఆమె ఆ రోజు వార్తాపత్రిక అట్ట వేసి తిరిగి తెచ్చింది.

"అట్ట ఎందుకు వేశావమ్మా?" అన్నారు గురువుగారు.

"బస్సులో పక్కవాళ్లు పేరు చూస్తారని," అంది. ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకోకుండా దూరంగా బల్ల అంచున పెట్టింది.

ఆ నవలలో విశాల అనే అమ్మాయి ఉంది. పెద్ద ఉమ్మడి కుటుంబం. ఆ ఇంట్లో అందరూ గౌరవించే సొంత పెదనాన్న వల్లే ఆమెకు అన్యాయం జరుగుతుంది. జరిగింది జరిగినట్టు, చాటూ మాటూ లేకుండా రాశారు. గురువుగారు దాన్ని రెండుసార్లు చదివి, పేజీల అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుని, దాని శిల్పం గురించి మాకు ఒక సాయంత్రమంతా చెప్పారు. హైమవతికి మాత్రం అది చదివినప్పటి నుంచి అన్నం సయించలేదట.

"చదవడానికి ఇంత మంచి ఉండగా ఇలాంటివి ఎందుకు చదవాలండీ?" అంది. "అనుభవించినవాళ్లు దీన్ని ముట్టుకోరు, ముట్టుకుంటే పుండు కెలికినట్టే. అనుభవించనివాళ్లకి లేనిపోని భయం. మరి ఎవరి కోసం? మా కాలేజీ లైబ్రరీలో కూడా ఒక ప్రతి ఉంది. తీసేయించమని ప్రిన్సిపాల్‌గారితో చెప్పేద్దామనుకుంటున్నాను."

నేను గట్టిగా తల ఊపాను. నేనింకా ఆ నవల చదవలేదు. చదవని పుస్తకం విషయంలో తల ఊపడమంత తేలిక పని లోకంలో మరొకటి లేదు.

గురువుగారు కాసేపు వరండా వైపు చెవి పెట్టి విన్నారు. అక్కడ అప్పడాల కర్రలు పీటల మీద దొర్లుతున్న చప్పుడు వస్తోంది.

"మా ఆవిడా వాళ్లూ అప్పడాలు చేస్తున్నారు," అన్నారు. "చదివి వినిపించేవాళ్లు లేరని పొద్దుట్నించి ఒకటే గోల. వెళ్లి ఇది వినిపించు."

హైమవతి తెల్లబోయింది. "ఇదా? ఆ పెద్దవాళ్ల ముందా?"

"ఎక్కడ చదువుతావో, ఎక్కడ వదిలేస్తావో నీ ఇష్టం."

గురువుగారి భార్య రమణాంబ గారు ప్రతి ఎండాకాలం నలుగురు ఆడవాళ్లను కూర్చుకుని మినప అప్పడాలు చేస్తారు. ఒకసారి పిండి దంచి ముద్ద చేశాక మళ్లీ లేవడానికి ఉండదు. తడిగుడ్డ కప్పి ఉంచినా సరే, ఆలస్యమైతే ఆరిపోయి అంచులు పగుళ్లిస్తాయి. అందుకని చేతులు పని చేస్తుంటే చెవులకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చదివి పెట్టాలి. రమణాంబ గారి అమ్మమ్మ నాటి నుంచి ఆ చదువుకు ఒక నియమం ఉంది. కథలో మనిషి ఏ గదిలోకైనా వెళితే, ఆ మనిషి బయటికి వచ్చేదాకా చదవడం ఆపకూడదు. ఆపితే ఆ మనిషి వచ్చి పిండి పక్కన కూర్చుంటుందట, ఇక కదలదట. ఆ మాట విన్నప్పుడల్లా నేను నవ్వేవాణ్ణి.

హైమవతి వెళ్లి పేము మోడా మీద కూర్చుంది. గది కిటికీలోంచి నాకు వరండా అంతా కనిపిస్తోంది. రమణాంబ గారు ఉండలు చేస్తున్నారు. ఆవిడకు కుడివైపున సుగుణరత్నం టీచరమ్మ, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా గొంతులో అధికారం ఇంకా రిటైర్ కాలేదు. ఆవిడ పక్కన భూలక్ష్మి గారు, ఆ వీధిలో ఏం జరిగినా ముందు ఆవిడకే తెలియాలి. ఇటు చివర పక్కింటి నూకరత్నం గారు, ఆవిడ కూతురు హారిక. నూకరత్నం గారి భర్తకు బజారులో బట్టల కొట్టు ఉంది.

ఆ సాయంత్రం రైలుకు హారిక విశాఖపట్నం వెళ్లాలి. డిగ్రీ పూర్తయింది, బ్యాంకు పరీక్షలకు కోచింగ్. ఉండడం బాబాయి ఇంట్లో. కిందటి ఎండాకాలం కూడా అక్కడే ఉండి వచ్చింది. తీసుకెళ్లడానికి ఆ బాబాయే స్వయంగా వచ్చి, పక్కింట్లో టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. పొద్దున వీధిలో ఎదురైతే నాతోనూ మాట్లాడాడు. నా ఆరోగ్యం అడిగాడు, మామిడిపండ్లు ఈ ఏడు బాగోలేవన్నాడు. చాలా మర్యాదస్తుడనుకున్నాను.

"చూడండి దీని పొగరు," అంటున్నారు నూకరత్నం గారు, కూతుర్ని చూపిస్తూ. "సొంత కూతుర్లా చూసుకుంటాడు, ఫోను కొనిపెట్టాడు. రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లో పెట్టుకుంటానంటే ఈవిడగారు వెళ్లదట. ఎందుకే అంటే నోరు విప్పదు. నిన్నట్నించి అన్నం కూడా సరిగ్గా తినట్లేదు."

హారిక కర్ర దొర్లిస్తూనే ఉంది. ఆ పిల్ల ఒత్తిన అప్పడం కాగితంలా పలచగా వచ్చింది. అయినా ఇంకా ఒత్తుతూనే ఉంది.

హైమవతి చదవడం మొదలుపెట్టింది. గొంతు మంచిది. ఉమ్మడి కుటుంబం, పండగ హడావుడి, తోటికోడళ్ల ఎత్తిపొడుపులు వస్తుంటే ఆడవాళ్లు నవ్వుకున్నారు. భూలక్ష్మి గారు మధ్యమధ్య తమ చుట్టాల పేర్లు కూడా కలిపారు. అలా ఆ ప్రకరణం చివరి వాక్యం దగ్గరికి వచ్చింది.

"విశాల ఇస్త్రీ బట్టలు చేతుల మీద పెట్టుకుని పెదనాన్న గదిలోకి వెళ్లింది."

అక్కడ హైమవతి గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆమె వేళ్ల మధ్య కొన్ని పేజీలు ఒకేసారి తిరగడం నేను చూశాను. మళ్లీ అందుకుంది. "ఆ ఏడాది వానలు ముందే వచ్చాయి. విశాలకు సంబంధాలు చూడడం మొదలుపెట్టారు."

అలా ఇంకాస్త చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఆగమ్మా," అన్నారు నూకరత్నం గారు. "ఆ పిల్ల గదిలోకెళ్లింది కదా? బయటికెప్పుడొచ్చింది?"

"వచ్చేసిందండీ."

"ఎప్పుడు? నువ్వు చదవలేదే."

"అంత ముఖ్యం కాదని... బట్టలు ఇచ్చేసి వచ్చేసిందండీ."

మిట్టమధ్యాహ్నపు ఎండ. వీధిలో మనిషి అలికిడి లేదు. కర్రలు దొర్లుతున్నాయి, అంతే. పక్కింటి టీవీలో జనం ఒక్కసారిగా అరిచి ఊరుకున్నారు.

అప్పుడు భూలక్ష్మి గారు తల ఎత్తకుండానే మాట్లాడారు. అది ఆవిడ మామూలు గొంతు కాదు. గలగల లేదు. ఎవరో చెబుతుంటే అప్పజెబుతున్నట్టు ఉంది.

"తలుపు పెద్ద చప్పుడు చెయ్యలేదు. గాలికి పడ్డట్టే పడింది."

హైమవతి గబగబా దాటేసిన పేజీకి వెళ్లింది. ఆమె వేలు మొదటి వాక్యం మీద ఆగిపోయింది. ఆ వేలి కింద ఏముందో తరవాత నాకు చూపించింది. 'తలుపు పెద్ద చప్పుడు చేయలేదు. గాలికి పడినట్టే పడింది.'

"ఈ నవల మీరు ముందే చదివారా అండీ?"

"ఏ నవలమ్మా?" అన్నారు భూలక్ష్మి గారు, నిద్రలోంచి లేచినట్టు. చేతులు మాత్రం ఆగలేదు.

"గోడ మీద క్యాలెండరు ఉంటుంది." ఈసారి సుగుణరత్నం టీచరమ్మ. "పాత నెలలోనే ఉండిపోతుంది, ఎవరూ మార్చరు. దాని వంకే చూస్తూ ఉండాలి. అక్కడ మనం లేమనుకోవాలి."

హైమవతి వేలు ఒక వరస కిందికి దిగింది. క్యాలెండరు అక్కడ ఉంది. పాత నెల కూడా ఉంది. వాళ్లు పుస్తకం చదివినట్టు అనిపించలేదని, ఆ పుస్తకమే ఎప్పుడో వాళ్ల పక్కన కూర్చుని విన్నట్టు అనిపించిందని ఆమె ఆ తరవాత అంది. నాకైతే ఆ ఎండలో వెన్ను మీద చన్నీళ్లు పోసినట్టయింది. ఇంకో సంగతి చూశాను. వాళ్లలో ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకుండానే తలా కాస్త పక్కకు జరిగారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది. వచ్చి కూర్చున్నది ఎవరు? నేను మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకున్నాను. పీటల దగ్గర ఉండవలసినవాళ్లే ఉన్నారు.

ఒక కర్ర చప్పుడు ఆగింది.

"వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది," అంది హారిక. "అంటే పిన్ని ఇంట్లోనే ఉంది."

హైమవతి పేజీలోంచి తల ఎత్తింది. ఆ వాక్యమూ అక్కడ ఉంది, పోపు వాసనతో సహా. కానీ పుస్తకంలో ఉన్నది పెద్దమ్మ. పిన్ని ఆ నవలలోనే లేదు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. ఇంతసేపూ విన్న కథలో పిన్ని ఎవరూ లేదని నూకరత్నం గారికి తెలుసు. ఆవిడ చేతిలో ఉండ అలాగే ఉండిపోయింది. "పిన్ని ఏంటే?" అన్నారు. ఇంకోసారి, చాలా మెల్లగా, "పిన్ని అంటావేంటే అమ్మా?" అన్నారు. కూతురు జవాబు చెప్పలేదు. చెప్పలేక కాదు, చెప్పేసింది కనక.

అప్పుడు మరో గొంతు వినిపించింది. అది రమణాంబ గారిది. ఆవిడ ఉండలు చేస్తూనే ఉన్నారు, ఒక్కొక్కటీ ఒకే కొలతలో, పళ్లెం చుట్టూ పేర్చుకుంటూ.

"బయటికొచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు. కాఫీ తాగుతావా అన్నారు."

గదిలో నా పక్కనున్న గురువుగారు కళ్లజోడు తీశారు. తుడుచుకోవడానికి కాదు. తీసి చేతిలో పట్టుకుని, కిటికీ వంక చూస్తూ ఉండిపోయారు. కళ్లజోడు లేకపోతే ఆయనకు వరండా అంతా అలుక్కుపోయినట్టు కనిపిస్తుందని నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే పిట్టగోడ అవతల టీవీ చప్పుడు తగ్గింది.

"వదినా! అమ్మాయి బ్యాగు సర్దుకుందా? మళ్లీ రైలు టైమైపోతుంది."

హాయిగా, చనువుగా ఉన్న గొంతు. పొద్దున మామిడిపండ్ల సంగతి చెప్పిన గొంతే. హారిక లేవలేదు, కదల్లేదు. చీర కొంగు పట్టుకున్న చిన్నపిల్లలా తల్లి చీర కుచ్చిళ్లు గుప్పిట్లో పట్టుకుంది. నూకరత్నం గారు ఆ గుప్పిట వంక చూశారు. తరవాత ఆ వేళ్లను విడదీయకుండానే, కూతుర్ని కూడా లేవదీసుకుని, పిండి చేతులతో గోడ దగ్గరికి నడిచారు.

"మీరు బయల్దేరండి మరిదిగారూ. పిల్ల రాదు."

"అదేంటొదినా? ఫీజు కూడా కట్టేశాను. ఒంట్లో బాగోలేదా?"

"రాదన్నాను."

"అన్నయ్యని అడగనీ ఓసారి..."

"మీ అన్నయ్యతో నేను చెప్తాను. అంతా చెప్తాను."

సుగుణరత్నం టీచరమ్మ లేచి వెళ్లి నూకరత్నం గారి పక్కన నిలబడింది. భూలక్ష్మి గారు వెళ్లారు. రమణాంబ గారు మోకాళ్ల నెప్పితో పీట పట్టుకుని లేచి, అందరికంటే ఆఖరున వెళ్లి నిలబడ్డారు. గోడకు ఇటు పక్క పిండి అంటిన చేతులు వరసగా ఉన్నాయి. అటు పక్క మనిషి ముఖం నాకు కనిపించలేదు. కాసేపటికి గేటు తెరుచుకున్న చప్పుడు, ఆటోను పిలిచిన చప్పుడు మాత్రం వినిపించాయి. గేటు మళ్లీ మూసినవాళ్లు లేరు.

నూకరత్నం గారు అక్కడే గోడను ఆనుకుని కూలబడ్డారు. "నోరు విప్పదంటూ ఊరంతా చెప్పుకు తిరిగానమ్మా," అని కూతుర్ని ఒళ్లోకి లాక్కుని ఏడ్చారు. ఆ ఏడుపు వినలేకపోయాను. హారిక మాత్రం ఏడవలేదు. తల్లి బుగ్గ మీద అంటిన పిండిని గోటితో మెల్లగా తీస్తూ కూర్చుంది.

కాసేపటికి రమణాంబ గారు మళ్లీ పీట దగ్గరికి వచ్చి తడిగుడ్డ తీసి చూశారు.

"ఆరిపోతోంది," అన్నారు. "చదువమ్మా హైమా. ఆ పిల్లని గదిలోంచి బయటికి తీసుకురా. ఈసారి ఏమీ వదలకు."

హైమవతి చదివింది. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి, దాటేసిన పేజీలన్నీ ఒక్క మాట పోకుండా చదివింది. తల్లీ కూతుళ్లు గోడ దగ్గరే కూర్చుని విన్నారు. మిగిలినవాళ్లు వింటూ అప్పడాలు ఒత్తారు. విశాల బయటికి వచ్చి వసారాలో నిలబడ్డ చోట పుస్తకం మూసింది. అప్పుడే అనుకుంటాను, వాళ్లు మళ్లీ ఎప్పటిలా దగ్గర దగ్గరగా జరిగి కూర్చున్నారు.

పొద్దు వాలాక ఆమె మా గదిలోకి వచ్చింది. అట్ట వేసిన వార్తాపత్రిక ఎక్కడో ఊడిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీకు ముందే తెలుసా గురువుగారూ?"

"హారిక సంగతి తెలిస్తే ఊరుకుంటానా?" అన్నారు ఆయన. "ఏమీ తెలియదమ్మా. నలుగురు కూర్చున్న చోట ఎవరో ఒకరు ఉండే ఉంటారనుకున్నాను. అంతవరకే."

లైబ్రరీ ప్రతి మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, ఆయనా అడగలేదు. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆయనకు ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ దాటేసిన పేజీలు తెరిచి, వేలితో వెతుక్కుంటూ కిందికి దిగారు. ఒక చోట ఆగారు. 'బయటికి వచ్చాక ఎవరూ ఏమీ అడగలేదు. కాఫీ తాగుతావా అన్నారు.' దాని పక్కనే, అంచులో, ఆయన ముచ్చటైన దస్తూరీ. ఎప్పుడో పెన్సిల్‌తో రాసుకున్నది.

'చక్కటి వాక్యం.'

వరండాలో రమణాంబ గారు ఆరబెట్టిన అప్పడాలు ఒక్కొక్కటే పంచె మీంచి తీస్తున్నారు. గురువుగారు చాలాసేపు అటే చూశారు.

"నువ్వు వెళ్లిరామ్మా," అన్నారు చివరికి. "ఈ పుస్తకం నేనింకా చదవలేదు."